పెరటి పనస మాను

క్వార్టర్లలో పెరిగే మనకి చెట్లకి కొదవ లేదు గాని, అవేవీ మనవి కావు. ఇల్లు ఎలా ప్రభుత్వానిదో పెరట్లోని వేపచెట్టూ, మామిడిచెట్టూ అలాగే ప్రభుత్వానివి. మనం నాటిన బొప్పాయి కాపుకి వచ్చేవేళకి నాన్నకి బదిలీ ఆర్డరు వస్తుంది. ఆ కాయలు మన తర్వాత వచ్చినవాళ్ళు తింటారు. మేమూ అలా ఎవరో నాటిన జామచెట్ల కాయలు బోలెడు తిన్నాం కాబట్టి ఆ లెక్క చెల్లిపోయిందనే అనుకుంటాం.

మాది అని చెప్పుకోదగ్గ చెట్టు ఒక్కటే ఉండేది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మా తాతయ్య ఇంటి పెరట్లో పనసచెట్టు. నాన్న పుట్టిన ఏడాది తాతయ్య నాటారు. 2019 మే నెలలో దాన్ని కొట్టించారు. చెట్టు కొట్టడం అనగానే గొడ్డలి, దబ్బున పడడం, అంతే అనుకుంటాం. మా ఇంట్లో అలా జరగలేదు. చెట్టు వంటింటి మీద పడకూడదు, మాను చీలకూడదు, పలకలు వంకర పోకూడదు. ఈ మూడింటి కోసం ముగ్గురు పెద్దవాళ్ళు ఎంతగా తలలు బాదుకున్నారో మేమిద్దరం, అక్కా తమ్ముడూ, దగ్గరుండి చూశాం.

ఉద్దానం పేరు వినని స్నేహితుల కోసం ఒక మాట. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు సముద్రానికీ కొండలకీ మధ్య ఉండే ఇసుక నేలల ప్రాంతం అది. హౌరా నుంచి చెన్నై పోయే రైల్లో కూర్చుంటే ఇచ్ఛాపురం దాటినప్పటినుంచి కిటికీలో కొబ్బరితోటలు కనబడతాయి. కొబ్బరి, జీడిమామిడి, పనస, ఈ మూడే అక్కడి బతుకు. వేసవిలో పనసకాయలు లారీలకెక్కి ఊళ్ళు దాటిపోతాయి. మా నాన్నమ్మ లేతకాయతో పొట్టుకూర ఆవపెట్టి చేస్తుంది, ముదురుకాయ తొనలు పంచుతుంది, గింజలు నిప్పుల్లో కాల్చి మా జేబుల్లో పోస్తుంది. ఆ చెట్టులో పారేసేది ఏమీ ఉండదని ఆవిడ అనేది. చివరికి ఆ మాట మాను విషయంలో కూడా నిజమవ్వాలని తాతయ్య పట్టు పట్టారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు మేము అస్సాంలో, జోర్హాట్‌లో ఉన్నాం. ఊరికి ఫోన్లు పోలేదు. రోజూ రాత్రి నాన్న అదే నంబరు నొక్కడం, అమ్మ పక్కన నిలబడడం మాకు బాగా గుర్తు. చివరికి ఎవరి ఫోన్‌నుంచో తాతయ్య మాట్లాడారు. "మేం ఉన్నాం. ఇల్లు ఉంది. కొబ్బరి పోనాది. పనస వాలిపోనాది" అన్నారు. నలభై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పినాయన, మామూలుగా పుస్తకంలా మాట్లాడతారు. ఆరోజు నాలుగు మాటలే, అదీ ఊరి మాటల్లోనే చెప్పారు.

చెట్టు పడలేదు, పడమటికి వాలింది. పడమటివైపు వంటిల్లు ఉంది. పెంకుల కప్పు. ఎదరగా తూర్పువైపు వేళ్ళు కొంచెం పైకి లేచి, నేల చెయ్యి పట్టేంత వెడల్పున పగిలింది. తాతయ్య ఆ పగులులో మట్టి నింపి తొక్కించారు. చెట్టు చిగుర్లు వేసింది, ఆ వేసవికి కాయలు కూడా కాసింది. చూడ్డానికి ఏ జబ్బూ లేదు. అయితే మొదట్లో, నేలకి జానెడు ఎత్తులో, బెరడు మీద గట్టి గొడుగుల్లాంటివి పుట్టుకొచ్చాయి. తాతయ్య కర్రతో మానుని తట్టి చూస్తే పైన ఖంగుమంటోంది, కింద బొద్దుగా పలుకుతోంది. లోపల ఏదో తినేస్తోందని ఆయనకి అర్థమైంది. ఆ చెట్టు కిందే నాన్నమ్మ రోజూ మూడుపూటలా పొయ్యి వెలిగిస్తుంది.

అయినా ఆరునెలలు ఎవరికీ మనసొప్పలేదు. 2019 మే 3న ఫొని తుఫాను పూరీ దగ్గర తీరం దాటింది. ఉద్దానానికి గాలీ వానా తగిలాయి. ఆ రాత్రి తాతయ్య, నాన్నమ్మ పక్కవాళ్ళ డాబాలో పడుకున్నారు. సొంత ఇల్లు పక్కనే పెట్టుకుని, చెట్టుకి భయపడి! ఆ మాట విన్న రోజే నాన్న సెలవు పెట్టారు. మా వేసవి సెలవులు ఎలాగూ మొదలయ్యాయి.

మేము వెళ్ళేసరికి ఇంట్లో మూడు అభిప్రాయాలు ఉన్నాయి. నాన్నమ్మది మొదటిది: కాయలన్నీ దింపేవరకూ గొడ్డలి తెస్తే ఊరుకోను. దీనికి ఎవరూ ఎదురు చెప్పలేదు. రెండోది పక్క ఊరినుంచి వచ్చిన కర్రల వ్యాపారిది. మొత్తం చెట్టుకి ఇంత అని చెప్పి, "మా కూలీలే కొట్టి పట్టుకుపోతారు, మీకు ఏ బాధా లేదు" అన్నాడు. ఆయన చెప్పిన ధర వంటచెరుకు ధర. మూడోది చెట్లెక్కే పెద్దాయనది. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆయనే పెద్ద చెట్లు దింపుతాడు. మేము మావయ్యా అని పిలిచేవాళ్ళం. "మాస్టారూ, ఇల్లు దక్కాలంటే పైనుంచి మూడేసి అడుగుల ముక్కలు కోసుకుంటూ దిగాల. మాను గీను అని ఆశ పెట్టుకోకండి" అన్నాడు.

తాతయ్యకి మాను కావాలి. మూడడుగుల ముక్కల్లో పీటలు వస్తాయి గాని బల్ల రాదు. ఆయన సమాధానం చెప్పకుండా చెట్టు చుట్టూ తిరిగారు. మొదట్నుంచి కొమ్మలు చీలేచోటిదాకా మాను తొమ్మిదడుగులు. అక్కడివరకూ ఒక్క కొమ్మ లేదు, వంకర లేదు. ఆ పైనంతా కొమ్మలే, ఎత్తు మొత్తం నలభై అడుగులు ఉంటుంది. నాన్న, తాతయ్య, మావయ్య ముగ్గురూ అరుగు మీద కూర్చుని సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మలు గీసుకున్నారు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. కొమ్మలూ, తలా మావయ్య చెప్పినట్టే ముక్కలుగా తాళ్ళతో దింపాలి. బోడిగా మిగిలిన తొమ్మిదడుగుల మానుని మాత్రం ఒకే దుంగగా పడగొట్టాలి. దాన్ని వాలిన పడమటివైపు పడనివ్వకూడదు. తూర్పువైపుకి లాగడమూ కష్టం, బరువంతా ఎదురు తిరుగుతుంది. అందుకని ఉత్తరంవైపు, ఖాళీ పెరట్లోకి, వాలుకి అడ్డంగా పడేట్టు చెయ్యాలి.

పని మొదలుపెట్టేముందు రెండు కాగితాల పనులు అయ్యాయి. మన పెరట్లో చెట్టైనా మనిష్టం వచ్చినట్టు కొట్టకూడదు. నీరు, భూమి, చెట్ల గురించి 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది. దాని ప్రకారం అధికారి అనుమతి తీసుకోవాలి, బదులుగా మొక్కలు నాటాలి. తాతయ్య తుఫానుకి వాలిన చెట్టు ఫొటో జతచేసి దరఖాస్తు రాశారు. ఆయన చేతిరాత చూసే సంతకం పెట్టేసి ఉంటారని నాన్న అంటారు. రెండోది కరెంటు. ఒక కొమ్మ సర్వీసు తీగకి దగ్గరగా ఉంది. లైన్‌మన్ వచ్చి కరెంటు తీసి, తీగ విప్పి చుట్టి పక్కన పెట్టేదాకా మావయ్య చెట్టు మీద చెయ్యి వెయ్యలేదు. పచ్చికొమ్మ కరెంటుకి తగిలితే దాన్ని పట్టుకున్న మనిషికీ షాకు కొడుతుందని, ఎండుకర్ర అనుకుని మోసపోకూడదని మాకు చెప్పాడు.

మమ్మల్ని పక్కవాళ్ళ డాబా మీదకి పంపేశారు. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో పనిలేనివాళ్ళెవరూ ఉండకూడదని నియమం. మాతోపాటు కుక్కని కూడా పంపారు. అది మాకన్నా ఎక్కువ గోలపెట్టింది.

మొదటిరోజంతా కొమ్మలే. మావయ్య నడుముకి మోకు కట్టుకుని ఎక్కాడు. నాన్న తన బండి హెల్మెట్ ఇస్తే నవ్వాడు గాని, నాన్నమ్మ "పెట్టుకో నాయనా, నీకేటైనా అయితే నీ పెళ్ళానికి నేనేటి చెప్తాను" అనేసరికి పెట్టుకున్నాడు. ముందు ఎర్రచీమలు. పనసాకుల్ని కుట్టి కట్టుకున్న గూళ్ళు పది దాకా ఉన్నాయి. వాటిని చిన్న రెమ్మలతో సహా కోసి కిందకి వదిలితే చీమలు వానలా రాలాయి. ఆ తర్వాత అసలు పని.

కొమ్మని పైనుంచి ఒక్కటే కోత కోస్తే, సగం తెగగానే బరువుకి విరిగి, కింద బెరడునీ చెక్కనీ చీల్చుకుంటూ మాను మీదకి దిగుతుంది. ఒక్క కొమ్మ అలా చీలినా మనకి కావలసిన మాను పాడవుతుంది. అందుకని మావయ్య ప్రతి కొమ్మకీ ముందు అడుగువైపునుంచి మూడోవంతు దాకా కోసేవాడు, తర్వాత కొంచెం ఎడంగా పైనుంచి కోసేవాడు. కొమ్మ అక్కడికే తెగి ఆగుతుంది. తెగేముందే దానికి తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు పైనున్న ఒక పంగలోంచి వచ్చి, కింద మానుకి రెండు చుట్లు చుట్టుకుని, నాన్న చేతిలోకి వస్తుంది. నాన్న బరువు డెబ్భై కిలోలు. కొమ్మలు కొన్ని అంతకన్నా బరువు. అయినా నాన్న ఒక్కరే పట్టుకుని మెల్లగా దింపేవారు. చుట్లలోనే ఉంది కిటుకు అని మావయ్య అన్నాడు. మా సైన్సు పుస్తకంలో ఘర్షణ పాఠానికి ఇటుకని లాగే బొమ్మ వేశారు. ఆ పక్కన ఈ తాడు బొమ్మ వేసి ఉంటే ఒక్కసారికే అర్థమయ్యేది.

మాటలాడడానికీ ఒక పద్ధతి పెట్టారు. ఆజ్ఞ ఒక్కరిదే, అది మావయ్యది. "వదులు" అంటే వదలాలి, "ఆపు" అని ఎవరన్నా ఆపాలి. ఊరి పెద్దలు నలుగురు అరుగు మీద కూర్చుని సలహాలు మొదలుపెడితే తాతయ్య వాళ్ళకి టీలు ఇప్పించి ఇంటి ముందువైపుకి తీసుకుపోయారు.

పనసపాలు మరో తలనొప్పి. రంపం పళ్ళనిండా జిగురు అంటుకుని ప్రతి పదినిమిషాలకీ కదలడం మానేసేది. నాన్నమ్మ కొబ్బరినూనె గుడ్డ ఇచ్చింది. కాయ కోసేముందు చేతులకి నూనె రాసుకునే ఉపాయమే రంపానికీ పనికొచ్చింది.

రెండోరోజు పొద్దున్న బోడిమాను ఒక్కటే నిలబడి ఉంది. కొమ్మలు లేకుండా చూస్తే అది ఇంకా ఎక్కువ వాలినట్టు కనబడింది. ఆకాశం ఎక్కువైపోయి పెరడు మా పెరడులా లేదు. నాన్నమ్మ బయటికి రాలేదు. లోపల బియ్యం ఏరుతూ కూర్చుంది, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

పడేచోట ముందు పరుపు వేశారు. అరటిబోదెలు, కొబ్బరిమట్టలు, నిన్న కోసిన రెమ్మలు, అన్నీ మోకాలెత్తు. గట్టినేల మీద పడితే మాను లోపల పగుళ్ళు వస్తాయి. అవి పైకి కనబడవు, పలకలు కోసినప్పుడు బయటపడతాయి. తర్వాత మాను తలకి రెండు మోకులు కట్టారు. ఒకటి తూర్పున కొబ్బరిచెట్టుకి గట్టిగా బిగించారు, పడమటికి పోకుండా. రెండోది ఉత్తరంవైపు చాలా దూరంలో నలుగురు మనుషుల చేతికి, లాగడానికి. మాను మధ్యలో, కోతకి పైగా, గొలుసు చుట్టి బిగించారు. వాలిన చెట్లు కోసేటప్పుడు సగంలో నిలువునా చీలి, చీలిన ముక్క వెనక్కి ఎగిరి కోసేవాడినే కొడుతుందట. మావయ్య తన మేనమామని అలాగే పోగొట్టుకున్నాడని ఆ రోజే మాకు తెలిసింది. అందుకే ఆయన అంత నెమ్మది.

మానుకి మాత్రం మిషన్ రంపం తెప్పించారు. ముందు ఉత్తరంవైపు, పడాల్సిన దిక్కున, పుచ్చకాయ ముక్క తీసినట్టు గాటు తీశారు. లోతు మాను అడ్డుకొలతలో నాలుగోవంతు. తర్వాత వెనకవైపునుంచి, గాటుకన్నా రెండంగుళాలు ఎత్తుగా కోసుకుంటూ వచ్చారు. రెండు కోతలూ కలిసిపోనివ్వలేదు. మధ్యలో రెండంగుళాల చెక్క అలాగే వదిలారు. తలుపుకి బందు ఎలాగో ఆ చెక్క మానుకి అలాగ. అది ఉన్నంతసేపూ మాను ఆ దిక్కుకే తిరుగుతుంది, పూర్తిగా కోసేస్తే ఎటైనా పోతుంది. కోసేవాడు పారిపోయే దారి కూడా ముందే చూసుకున్నాడు. వెనక్కి ఏటవాలుగా, అడ్డం ఏమీ లేకుండా చీపురుతో ఊడిపించాడు. కోతలో చెక్కమేకు కొట్టాడు. "లాగండి" అన్నాడు.

కిర్రుమంది. అంత బరువు అంత మెల్లగా కదులుతుందని మేము అనుకోలేదు. తూర్పు మోకు వీణతీగలా బిగిసింది. సగం వంగాక ఒక్కసారిగా దిగి బోదెల మీద పడింది. డాబా మీద మా కాళ్ళకి తెలిసింది. వంటింటి పెంకు ఒక్కటి కూడా కదల్లేదు. కుక్క అరవడం మానేసింది.

అప్పుడు నాన్నమ్మ వచ్చింది. కోసినచోట చూసి, "ఓలమ్మ" అంది. లోపల పసుపు. మామూలు పసుపు కాదు, పెళ్ళికి రాసే పసుపు. పనసచేవ కోసినప్పుడు అలా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. బర్మాలోనూ థాయిలాండ్‌లోనూ బౌద్ధభిక్షువులు కాషాయానికి ఈ చేవనే ఉడకబెట్టి రంగు తీసేవారని తాతయ్య చెప్పారు. అయితే ఆ పసుపు మధ్యలో, మొదటివైపు, చెంబు పట్టేంత గుల్ల ఉంది. లోపలంతా పొడి, చెదపుట్ట మట్టి. ఆ గుల్లని చూశాక నాన్నమ్మ కూడా ఇంకేమీ అనలేదు. నాన్న గుల్లలోకి కర్ర పెట్టి చూశారు. అడుగున్నర లోతు పోయింది. అక్కడికి కోసి పారేశారు. ఎనిమిదడుగుల దుంగ ఆరున్నర అడుగులైంది.

ఇక్కడొక లెక్క. మాను చుట్టుకొలత ఆరడుగులు. అడితిలో కర్ర కొలిచే పద్ధతి వేరు. చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. ఆరుని నాలుగుతో భాగిస్తే ఒకటిన్నర. ఒకటిన్నరని ఒకటిన్నరతో గుణిస్తే 2.25. ఆరున్నరతో గుణిస్తే 14.6 ఘనపుటడుగులు. మేము మాత్రం బళ్ళో నేర్చుకున్నట్టు స్తూపం ఘనపరిమాణం కట్టాం. 18.6 వచ్చింది. తాతయ్యా, నాలుగు అడుగులు మోసం చేస్తున్నారని అరిచాం. తాతయ్య నవ్వి, గుండ్రటి దుంగలోంచి పలకలు తీస్తే చుట్టూ అంచులు పోతాయి కదా, ఆ పోయేదానికి ముందే తగ్గించే పాత లెక్క అది, తెల్లవాళ్ళ కాలంనుంచి ఉంది అన్నారు. ఎప్పుడు చేసినా అడితి లెక్క అసలు లెక్కలో 78.5 శాతమే వస్తుంది. ఎందుకో మీరే పై పెట్టి చూడండి, మేము చెప్పం.

దుంగని కోతమిల్లుకి పంపేముందు మరో పని ఉంది. ఆ పని పూర్తిగా మాదే. పెరటి చెట్టుని మిల్లువాళ్ళు తొందరగా ఒప్పుకోరు. మేకులుంటాయని భయం. రంపం బ్లేడుకి ఒక్క మేకు తగిలినా పళ్ళు పోతాయి, తెగిన ముక్క మనిషికి తగలొచ్చు. నలభై ఏళ్ళలో ఆ చెట్టుకి బట్టలదండెం కట్టారు, లాంతరు వేలాడదీశారు, మా ఉయ్యాలకి కొక్కెం దిగ్గొట్టారు. చెట్టు పెరుగుతూ వాటిని మింగేసింది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి, దుంగ చుట్టూ అంగుళం అంగుళం వెతికాం. ఎక్కడ దారం పక్కకి లాగిందో అక్కడ సుద్దతో గుర్తు. ఏడు దొరికాయి. నాన్న ఉలితో తవ్వి తీశారు. ఇనుము చుట్టూ చెక్క నల్లగా సిరా పోసినట్టు మారింది. ఎనిమిదోది నాన్నమ్మ చెప్పింది: "మీ నాన్న చిన్నప్పుడు గాలిపటం మేకు కొట్టాడు, దక్షిణంవైపు, నా భుజమంత ఎత్తులో." అది చాలా లోపలికి పోయింది, అయస్కాంతానికి అందలేదు. తవ్వితే ఉంది.

ఆచారిగారు మిల్లుకి మాతో వచ్చారు. ఊళ్ళో తలుపులూ మంచాలూ చేసే వడ్రంగి ఆయన. "పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు, చేవ చూడండి మాస్టారూ" అని దుంగని రెండుసార్లు నిమిరారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఇలాంటి పనసదుంగనుంచే, అతుకు లేకుండా, వీణ చెక్కుతారట. దాన్ని ఏకాండి వీణ అంటారు. మా అక్కకి వెంటనే వీణ కావాలనిపించింది. మాకెవరికీ వాయించడం రాదు గనక ఆ ప్రస్తావన అక్కడే ఆగింది.

దుంగ నట్టనడుమ ఉండే దవ్వ చుట్టూ చెక్క తప్పకుండా పగులుతుంది. అందుకని నడిమి పలకని వేరుగా కోయించి పీటలకి ఉంచారు. దానికి రెండువైపులా అంగుళంపావు మందంతో పలకలు. ఆరాక, చిత్రిక పట్టాక అంగుళం మిగలాలి. అంచుల్లో తెల్లచెక్కకి పురుగు పడుతుంది కాబట్టి తీయించేశారు. మొత్తం పదకొండు పలకలు వచ్చాయి. పొట్టు గోతంలో నింపి నాన్నమ్మ తెచ్చుకుంది. పసుపురంగు పొట్టు.

అసలు ఓపిక ఇక్కడ కావాలి. పచ్చిపలకలతో ఎవరైనా బల్ల చేస్తే ఆరునెలల్లో అది పల్లెంలా వంగుతుంది. ఆచారిగారు చెప్పినట్టు, ముందు ప్రతి పలక రెండు కొసలకీ మిగిలిన గేటు రంగు దట్టంగా పూశాం. నీరు కొసలనుంచే తొందరగా పోతుంది, అలా పోతే కొసలు పగులుతాయి. రంగు లేనివాళ్ళు పేడ పూస్తారట. తర్వాత పశువులపాకలో నేలమీద ఇటుకలు పేర్చి, వాటిమీద పలక, పలకమీద అడుగున్నరకొకటి చొప్పున అంగుళం మందం పుల్లలు, మళ్ళీ పలక. పుల్లలన్నీ ఒకదానిమీద ఒకటి తిన్నగా రావాలి. పుల్ల పక్కకి జరిగితే పలక అక్కడ వంగుతుంది. అన్నిటిపైనా నాలుగు రుబ్బురోళ్ళ బరువు. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆగాలని లెక్క.

మేము మళ్ళీ వెళ్ళేసరికి ఎలా ఉంటుందో తెలియదు గనక తాతయ్య ఒక ఏర్పాటు చేశారు. ఒక పలకనుంచి మూరెడు ముక్క కోసి, దానికీ కొసలకి రంగు పూసి, ఆ దొంతరలోనే పెట్టారు. ప్రతినెలా ఒకటో తారీకున కిరాణాకొట్టు తూకంలో తూచి మాకు ఫోన్ చేసేవారు. మేము గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టేవాళ్ళం. మొదటి నాలుగునెలలు గీత మెట్లు దిగినట్టు దిగింది. వానాకాలంలో ఒకసారి కొంచెం పైకి లేచింది. తర్వాత నెమ్మదించింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడాది వేసవికి వెళ్ళలేదు. అదే ఏడాది నాన్నకి జోర్హాట్‌నుంచి జోధ్‌పూర్ బదిలీ అయింది. కొత్త ఊరు, కొత్త బడి, బడి అంటే ఫోను. క్లాసులో ఎవరి ముఖమూ తెలియదు. ఒకటో తారీకు ఫోను మాత్రం తప్పలేదు. గీత పూర్తిగా సమంగా అయిపోయాక కూడా తాతయ్య తూచడం ఆపలేదు, మేమూ చుక్క పెట్టడం ఆపలేదు.

2022 వేసవికి గాని వెళ్ళలేకపోయాం. పదకొండు పలకల్లో రెండు కొంచెం మెలితిరిగాయి, ఒకదానికి పగులు. మిగతావి తిన్నగా ఉన్నాయి. రంగు తేనెలా మారింది. మాకు చదువుకునే బల్లలు రెండు కావాలని నాన్న చెప్పారు. ఎక్కడుంటారని ఆచారిగారు అడిగారు. జోధ్‌పూర్ అనగానే ఉలి కింద పెట్టేశారు. ఉద్దానం గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ ఆరిన పలక ఎడారిలో ఇంకా కుంచించుకుపోతుంది. బల్లని నాలుగువైపులా బిగించేస్తే, కుంచించుకోవడానికి చోటులేక నడిమికి పగులుతుంది. రేపు బదిలీ మళ్ళీ సముద్రం దగ్గరకైతే ఉబ్బుతుంది. "మీ నాన్నగారి ఉద్యోగం లాంటిదే ఇది కూడా, ఒకచోట ఉండదు" అన్నారు. పైపలకని కింద చట్రానికి బిగించే మరలకి గుండ్రటి రంధ్రాల బదులు పొడుగాటి రంధ్రాలు తొలిచారు. చెక్క వెడల్పువాటున అటూఇటూ జరగొచ్చు. కాళ్ళు జిగురుతో అతికించకుండా బోల్టులతో పెట్టారు. విప్పితే ఒక్కో బల్ల ఒక చదునైన మూట అయిపోతుంది, లారీలో పరుపుల మధ్య పడుతుంది.

మొదటి శీతాకాలంలో జోధ్‌పూర్‌లో రాత్రిపూట బల్ల టిక్కుమని చప్పుడు చేసేది. స్కేలుతో కొలిస్తే ఇరవై రెండంగుళాల వెడల్పులో పావంగుళం దాకా తగ్గింది. పగుళ్ళు రాలేదు. బోల్టులు ఎనిమిదేసి చొప్పున పదహారు, నాన్నమ్మ ఇచ్చిన పాత బిస్కెట్ల డబ్బాలో స్పానరుతో సహా ఉంటాయి. బదిలీ సామాన్ల జాబితాలో ఆ డబ్బా అమ్మ తన చేతిసంచిలో పెట్టుకునే వస్తువు.

వంటింటికి ఇప్పుడు పనసపలక తలుపు. మాను పోయినచోటికి పదడుగుల దూరంలో, వంటింటికి ఎదురువైపు, రెండు పనసమొక్కలు నాటారు. ఒకటి మేకలు తిన్నాయి, మళ్ళీ నాటారు. పాకలో ఇంకా రెండు మంచి పలకలు మిగిలాయి. నాన్నమ్మ ఉయ్యాలబల్ల కావాలంటుంది. తాతయ్య పుస్తకాల అల్మారా అంటారు. ఉయ్యాల వెయ్యడానికి చెట్టేదని తాతయ్య అడిగితే, మొక్క పెరిగేదాకా పలక ఆరుతుందిలే అంటుందట. పోయిన ఒకటో తారీకున ఫోన్ చేసినప్పటికి ఆ తగువు తేలలేదు.